ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఇంట్లో పెట్టుకున్నారు, నేను డబ్బు పెట్టి వచ్చాను. తప్పు చేశానా?

ద్రాక్షబుట్ట · అక్టోబర్ 14, రాత్రి 9:40

జార్జియా వెళ్ళొచ్చి నాలుగు రోజులైంది. కాకసస్ కొండల దగ్గరి దేశం, అమెరికాలో ఉన్నది కాదు (ఆఫీసులో అందరూ ఇదే అడుగుతున్నారు). ఒక సంగతి మనసులో ముల్లులా గుచ్చుకుంటోంది. మీరంతా బాగా తిరిగినవాళ్ళు కదా, అడుగుదామని వచ్చాను.

తూర్పున కాఖేతి అనే ప్రాంతం. సిగ్నాగి నుంచి తెలావీకి మార్శ్రుత్కా ఎక్కాను. మార్శ్రుత్కా అంటే షేర్ వ్యాన్, చెయ్యెత్తిన చోటల్లా ఆగుతుంది. దారిలో ఒకచోట డ్రైవర్ ఏదో అన్నాడు, అందరూ నావైపు చూశారు, నేను దిగేశాను. తీరా చూస్తే అది తెలావీ కాదు. బోర్డు చదువుదామంటే వాళ్ళ లిపి మన అక్షరాల్లాగే గుండ్రంగా ముద్దొస్తోంది గానీ ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

సాయంత్రం ఐదు దాటింది. తర్వాతి వ్యాన్ ఎప్పుడని ఒక పెద్దావిడను సైగలతో అడిగాను. ఆవిడ రెండు చేతులూ జోడించి చెంప కింద పెట్టుకుంది. అంటే ఇవాళ ఇక లేదు, రేపే. తర్వాత నా బ్యాగు పట్టీ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. బ్యాగు నా వీపుకే ఉంది, కాబట్టి నేనూ వెళ్ళాల్సి వచ్చింది.

వాళ్ళకి అది ద్రాక్ష కోతల కాలం, ర్త్వేలి అంటారు. ఇంటినిండా జనం. కొడుకు, కోడలు, పిల్లలు, పక్కింటివాళ్ళు. పెరట్లో పడవంత చెక్క తొట్టి, దాని నిండా నల్లద్రాక్ష. నన్ను కూర్చోబెడతారనుకుంటే ప్యాంటు మోకాళ్ళదాకా మడవమన్నారు. గొట్టంతో కాళ్ళు కడిగి తొట్టిలోకి ఎక్కించారు. పైపైన రసం చల్లగా, జారుడుగా ఉంటుంది. అడుగున తొడిమలు మాత్రం అరికాళ్ళకు పుల్లల్లా గుచ్చుకుంటాయి. చుట్టూ కందిరీగలు. ఒక పిల్లాడు నా పిక్కల మీద వాలినవాటిని తువ్వాలుతో తోలుతూ నిలబడ్డాడు, అదే వాడి డ్యూటీ. రసం, తొక్కలు అన్నీ కలిపి నేలలో మెడదాకా పాతిన పెద్ద మట్టి జాడీల్లో పోస్తారు. క్వేవ్రీ అంటారు వాటిని. ఆ పద్ధతిని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. అవేవీ నాకు అప్పుడు తెలియవు. నా అరికాళ్ళు ఊదారంగులోకి మారాయని మాత్రం తెలుసు.

రాత్రి భోజనాల దగ్గర తాగనని చెప్పడానికి నాకున్న ధైర్యమంతా ఖర్చయింది. ఎవరూ ఏమీ అనుకోలేదు, అప్పుడే తొక్కిన రసం ఒక జగ్గు నా ముందు పెట్టారు. కొడుకు ఫోన్‌లో అనువాదం చేసి చూపించాడు: "స్తుమారి గ్వ్‌తిసా". అతిథి దేవుడు పంపినవాడు అని అర్థం.

పొద్దున్న బయల్దేరేముందు 50 లారీల నోట్లు రెండు (లారీ అంటే వాళ్ళ రూపాయి లాంటిది) ఉప్పుడబ్బా కింద పెట్టాను. వ్యాన్ ఎక్కి కూర్చున్నాక చూస్తే ఆవిడ ఇంటి చెప్పులతో రోడ్డు మీద పరుగెత్తుకొస్తోంది. డ్రైవర్ ఆపాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి, నోట్లు చుట్టిన చేతిరుమాలు నా ఒళ్ళో పడేసింది. రాత్రి కొడుకు చూపించిన మాటే మళ్ళీ అంది, కానీ ఈసారి గొంతు వేరు. తిట్టినట్టు కాదు. ఏదో నేను విరగ్గొడితే చూసినట్టు.

తెలావీ దాకా తలెత్తలేకపోయాను. ఊరికే తిని పడుకుని వచ్చేయడం ఎలా చెప్పండి? మీరైతే ఏం చేసేవారు?

(పైగా తడిసిన సాక్సులు వాళ్ళ పొయ్యి పక్కన ఆరేసి మర్చిపోయాను. అది వేరే సంగతి.)

కాలినడక · అక్టోబర్ 14, రాత్రి 9:58

తప్పే.

నిమ్మచెట్టు · అక్టోబర్ 14, రాత్రి 10:15

అంత కటువుగా ఎందుకు కాలినడక గారూ. ఆయన మంచికే చేశారు. నాది సరిగ్గా ఉల్టా కథ, వినండి.

ఇరాన్, ఇస్ఫహాన్. టాక్సీ దిగి ఎంతయిందని అడిగాను. డ్రైవర్ గుండె మీద చెయ్యి వేసుకుని "గాబెల్ నదారే" అన్నాడు. మీ ముందు అదెంత, వదిలేయండి అని. నేను మురిసిపోయి, మెర్సీ చెప్పి (వాళ్ళూ మెర్సీ అనే అంటారు) దిగి వచ్చేశాను. ఆయన ముఖంలో నవ్వు అలాగే ఉంది గానీ కారు మాత్రం కదల్లేదు. హోటల్లో రిసెప్షన్ అబ్బాయికి గొప్పగా చెబితే తల పట్టుకున్నాడు. దాన్ని తారోఫ్ అంటారట. మర్యాద కోసం అనే మాట. వాళ్ళు వద్దంటారు, మనం మళ్ళీ ఇవ్వబోవాలి, రెండు మూడుసార్లు అయ్యాక తీసుకుంటారు. ఆయన తన వంతు పలికాడు, నేను నా డైలాగ్ మర్చిపోయాను. ఆ డ్రైవర్‌కి ఇప్పటికీ బాకీనే.

అలాగని పిలుపులన్నీ ఉత్తుత్తివి కావు. సాయంత్రం నక్ష్-ఎ-జహాన్ మైదానంలో పచ్చిక మీద దుప్పట్లు పరుచుకుని కుటుంబాలు కూర్చుంటాయి. ఒక పెద్దావిడ పిలిచింది, వద్దన్నాను. మళ్ళీ పిలిచింది, వద్దన్నాను. మూడోసారి పిలవలేదు, కూతుర్ని పంపి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. అక్కడ నాకు తెలిసిన కొలత అదే: రెండుసార్లు వద్దను, మూడోసారి కూడా లాగితే వెళ్ళు.

రెండోఆలోచన · అక్టోబర్ 14, రాత్రి 11:02

అందరూ తీపి కథలే చెబుతున్నారు, నేను కొంచెం కారం కలుపుతాను.

బీజింగ్, వాంగ్‌ఫుజింగ్ వీధి. ఇద్దరు అమ్మాయిలు, చక్కటి ఇంగ్లీషు, ఇంగ్లీషు ప్రాక్టీస్ చేస్తాం అన్నారు. అరగంట కబుర్లు. తర్వాత టీ తాగుదామా అన్నారు. చిన్న గది, చిన్న చిన్న కప్పులు, ఆరు రకాల టీ. బిల్లు 1,400 యువాన్లు. తలుపు దగ్గర ఒకడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కట్టి వచ్చాను. ఇది కొత్తేం కాదట, ఏళ్ళ తరబడి నడుస్తున్న పాత నాటకం. ఇస్తాంబుల్‌లో ఇదే నాటకం టీ బదులు బార్‌లో వేస్తారు.

కాబట్టి ఎవరైనా నవ్వుతూ దగ్గరికొస్తే నాకు ముందు పర్సు గుర్తొస్తుంది, దేవుడు కాదు.

ఇంకోటి. చైనాలో హోటల్లో కాకుండా ఎవరింట్లోనైనా దిగితే 24 గంటల్లోపు పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాలి. ఇలాంటి నియమం ఇంకొన్ని దేశాల్లోనూ ఉంది. మనం చేయించుకోకపోతే మనతోపాటు పాపం ఇల్లు ఇచ్చినవాళ్ళకూ తలనొప్పి. ప్రేమగా పిలిచారు కదా అని వెళ్ళేముందు ఇది కూడా చూసుకోండి.

పచ్చసంచి · అక్టోబర్ 15, ఉదయం 7:20

రెండోఆలోచన గారు చెప్పింది కొట్టిపారేయదగ్గది కాదు. ఒంటరిగా తిరిగే ఆడదాన్ని, నాకు ఆ లెక్క ఇంకా ఎక్కువ. నేను చూసేది రెండే. ఒకటి, ముందు ఎవరు ఎవర్ని పలకరించారు. టూరిస్టులు కిటకిటలాడే చోట తనంతట తాను వచ్చి పలకరించినవాడు వేరు, దారి తెలియక నేను వెళ్ళి అడిగినవాళ్ళు వేరు. రెండు, ఆ ఇంట్లో ఆడవాళ్ళు ఉన్నారా. పిలిచింది మగాడైతే "మీ ఆవిడతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడతాను" అంటాను. నిజంగా ఇంటికే పిలిచినవాడు వెంటనే ఫోన్ కలుపుతాడు.

ఒమన్‌లో నిజ్వా దగ్గర అలాగే ఒక ఇంటికి వెళ్ళాను. ఆడవాళ్ళ గదిలో కూర్చోబెట్టారు. ఖర్జూరాలు, ఏలకుల వాసన వేసే కాఫీ. కప్పుకి చెవి ఉండదు, రెండు గుక్కలకి అయిపోతుంది. అయిపోగానే ఒక అమ్మాయి మళ్ళీ పోసింది. తాగాను. మళ్ళీ పోసింది. మర్యాద కదా అని తాగాను. "చాలు" అని ఏ భాషలో చెప్పినా నవ్వి పోస్తోంది. తొమ్మిదో కప్పుకి నా చేతులు వణుకుతున్నాయి. అప్పుడు ఐదారేళ్ళ పిల్ల నా పక్కన కూర్చుని, ఖాళీ కప్పు చేతిలో పట్టుకుని అటూ ఇటూ రెండుసార్లు ఊపి చూపించింది. అలా ఊపితేనే చాలు అని అర్థమట! గదంతా ఒకటే నవ్వు. ఆ రాత్రి మూడింటిదాకా నిద్ర పట్టలేదు.

అరకప్పు · అక్టోబర్ 15, ఉదయం 8:05

పచ్చసంచి గారూ 😂 నాకు సమర్‌ఖండ్‌లో రివర్స్. పెద్ద గిన్నెలాంటి కప్పులో అడుగున ఇంత టీ పోసి ఇచ్చారు. ఏం పిసినారులురా బాబూ అనుకున్నాను. తర్వాత తెలిసింది: కొంచెం పోయడమే గౌరవం, చల్లారకుండా మళ్ళీ మళ్ళీ పోస్తూ మనతో కూర్చుంటారు. నిండా పోశారంటే తాగేసి బయల్దేరమని. కొన్నేళ్ళు అనవసరంగా ఆ పెద్దాయన్ని మనసులో తిట్టుకున్నాను.

మోడరేటర్ · అక్టోబర్ 15, ఉదయం 9:30

ఒక మనవి. ఆశ్రయం ఇచ్చినవాళ్ళ ఫోటోలు, పేర్లు, ఇంటి గుర్తులు ఇక్కడ పెట్టకండి. వాళ్ళు మనకి తలుపు తీశారు, లోకానికి కాదు. నిన్న ఒకరు పెట్టిన ఫోటో తీసేశాం.

రెండుచక్రాలు · అక్టోబర్ 15, మధ్యాహ్నం 1:15

ద్రాక్షబుట్ట అన్నా, నీ ముల్లు నాకు తెలుసు. నాది ఇంకొంచెం లోతుగా దిగింది.

తజికిస్తాన్, వఖాన్ లోయ, సైకిల్ మీద. నదికి అవతలి ఒడ్డు అఫ్గానిస్తాన్. ఎదురుగాలికి రోజంతా తొక్కినా ముప్పై కిలోమీటర్లు దాటలేదు. ఒక ఊళ్ళో మంచినీళ్ళు అడిగితే ఇంట్లోకి రమ్మన్నారు. పామీరీ ఇల్లు మధ్యలో ఐదు స్తంభాలు, పైకప్పులో ఒకదాని లోపల ఒకటి తిప్పి పేర్చిన చదరాలు, వాటి మధ్యలోంచి వెలుతురు. పాలు, ఉప్పు వేసిన టీ ఇచ్చారు, అందులో రొట్టె తుంచి వేసుకోవాలి. గుమ్మం దగ్గర పిల్లలు నా గిన్నెలోకి చూస్తున్నారు. అప్పుడు అర్థమైంది, ఆ పూటకి ఉన్న రొట్టె అదేనని. తినకపోతే అవమానం, తింటే పాపం. సగం తిని కడుపు నిండినట్టు నటించాను. ఇంటాయన నమ్మలేదు.

ఉన్నవాడు పెడితే తిని రావచ్చు. లేనివాడు పెడితే? దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఆ రోజు మాత్రం గోడకి ఆనించిన పిల్లల సైకిల్ కనిపించింది, వెనక చక్రం నేలకు అతుక్కుపోయింది. నా ప్యాచ్ కిట్ తీశాను. ట్యూబ్ నీళ్ళలో ముంచితే మూడుచోట్ల బుడగలు. నాలుగోది వాల్వు మొదట్లో, అది దొరకడానికి అరగంట పట్టింది. బ్రేక్ తీగ కూడా బిగించాను. అప్పటిదాకా మాట్లాడని పెద్ద పిల్లాడు ఆ సైకిలెక్కి ఊరి చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చి, ఇంకో ఇద్దరు పిల్లల్ని వాళ్ళ సైకిళ్ళతో వెంటబెట్టుకొచ్చాడు. ప్యాచ్‌లు అయిపోయాయి. తర్వాత నాకు పంక్చర్ అయితే ఏం చేశానో అడక్కండి.

కాలినడక · అక్టోబర్ 15, సాయంత్రం 6:40

నిన్న ఒక్క మాట రాసి వెళ్ళిపోయాను, బస్సులో ఉన్నాను. ద్రాక్షబుట్ట గారు నొచ్చుకుని ఉంటే సారీ.

నేను జపాన్‌లో షికోకు దీవి యాత్ర నడిచాను. 88 గుళ్ళు, దాదాపు 1,200 కిలోమీటర్లు, నాకు 49 రోజులు పట్టింది. ఆ దారిలో ఓసెత్తాయ్ అని ఒకటుంది. ఊరివాళ్ళు యాత్రికులకు ఏదో ఒకటి ఇస్తారు. కమలాపండ్లు, టీ, ఒక్కోసారి డబ్బు కూడా. ఒక పెద్దావిడ కారు ఆపి, దిగి, రెండు చేతులతో 500 యెన్ల నాణెం ఇచ్చి వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. వద్దనకూడదు. ఎందుకంటే ఆ దారిలో ప్రతి యాత్రికుడి పక్కన కోబో దైషీ అనే పాతకాలపు బౌద్ధ గురువు నడుస్తుంటాడని నమ్మకం. ఇద్దరు కలిసి నడుస్తున్నారని అర్థమొచ్చే మాట యాత్రికుల టోపీ మీద రాసి ఉంటుంది. ఆవిడ ఇచ్చింది నా ఒక్కడికే కాదు, ఆయనకు కూడా. మధ్యలో నేనెవర్ని వద్దనడానికి?

బదులుగా మనం ఇచ్చేది ఒక చిన్న కాగితం చీటీ. పేరు, ఊరు, తేదీ రాసి ఇస్తాం. ఓసమెఫుదా అంటారు. మొదటి యాత్ర చేసేవాళ్ళది తెల్లది. మొదటి వారం ఆ చీటీ ఇస్తుంటే నాకు సిగ్గేసేది, ఇంత పెట్టినవాళ్ళకి కాగితం ముక్కా అని. నలభయ్యో రోజున ఒకరి ఇంట్లో పాత డబ్బా తెరిచి చూపించారు. అంచుదాకా చీటీలే. అడుగునవి పసుపుపచ్చగా మారిపోయాయి.

అందుకే తప్పే అన్నాను. ఆవిడ మీకు ఇచ్చిన దానికి మీరు రేటు కట్టారు.

ద్రాక్షబుట్ట · అక్టోబర్ 15, సాయంత్రం 7:05

సారీ ఎందుకండీ. చివరి వాక్యం తగలాల్సిన చోటే తగిలింది. కానీ రేటు కట్టాలని కాదు, బరువు దించుకోవాలని పెట్టాను. ఒకవేళ రెండూ ఒకటేనేమో.

మంచుగాలి · అక్టోబర్ 15, రాత్రి 8:50

బరువు అంటే గాండర్ గుర్తొచ్చింది. కెనడా, న్యూఫౌండ్‌లాండ్ దీవిలో పదివేల జనాభా ఉన్న పట్టణం. 2001 సెప్టెంబర్ 11న అమెరికా తన గగనతలం మూసేస్తే 38 ప్రయాణికుల విమానాలు అక్కడ దిగాయి. ఒక్కసారిగా దాదాపు 6,600 మంది. సమ్మెలో ఉన్న స్కూలు బస్సుల డ్రైవర్లు సమ్మె పక్కన పెట్టి వచ్చారు. ఇళ్ళ నుంచి వచ్చిపడిన వంటలు పెట్టడానికి చోటు చాలక ఐస్ హాకీ రింకునే ఫ్రిజ్‌లా వాడుకున్నారు. చుట్టుపక్కల చిన్న ఊళ్ళు కూడా జనాన్ని పంచుకున్నాయి. డబ్బు ఇవ్వబోతే ఊరివాళ్ళు పుచ్చుకోలేదు. దాంతో లూయిస్‌పోర్ట్‌లో ఉండి వెళ్ళిన ఒక విమానం వాళ్ళు తిరుగు ప్రయాణంలోనే, గాల్లో ఉండగానే, ఆ ఊరి పిల్లల చదువులకు స్కాలర్‌షిప్ నిధి మొదలుపెట్టారు.

అంటే డబ్బు ఇవ్వడమే తప్పని కాదు కాలినడక గారూ. ఉప్పుడబ్బా కింద పెట్టి పారిపోవడం తప్పేమో.

రెండోఆలోచన · అక్టోబర్ 15, రాత్రి 9:12

దీనికి మాత్రం లైక్. అక్కడ ఎవరూ టీ బిల్లు ఇవ్వలేదు కదా.

గదిఖాళీ · అక్టోబర్ 16, ఉదయం 10:30

ఇంతసేపూ వెళ్ళినవాళ్ళే మాట్లాడారు. ఇంట్లో పెట్టుకున్నదాన్ని నేనొకదాన్ని ఉన్నాను.

2010 ఏప్రిల్. ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం పేలి బూడిద కమ్మేస్తే యూరప్‌లో ఐదారు రోజులు విమానాలు దాదాపుగా ఆగిపోయాయి. అప్పట్లో బ్రసెల్స్‌లో పని చేసేదాన్ని. మిడి స్టేషన్‌లో టికెట్ల క్యూ బయటిదాకా ఉంది. ఒక జంట, నాలుగేళ్ళ బాబు, నేల మీద సూట్‌కేసు పరుచుకుని కూర్చున్నారు. బాబుకి ఒక చెప్పు లేదు. ఎందుకో ఆ చెప్పు లేని కాలు చూసి అడిగేశాను, మా ఇంటికి వస్తారా అని. నాకే భయమేసింది, అడిగాక. వాళ్ళకీ భయమేసినట్టుంది. ఐదు నిమిషాలు వాళ్ళ భాషలో మాట్లాడుకుని, వచ్చారు. నాలుగు రాత్రులు ఉన్నారు.

వెళ్ళాక ఫ్రిజ్ తలుపు అరలో కవరు, అందులో 200 యూరోలు. నాకు కోపం రాలేదండీ. చిన్నతనంగా అనిపించింది. నాలుగు రోజులు నేను ఆ బాబుకి అత్తననుకున్నాను, వాళ్ళు లాడ్జి అనుకున్నారా అని. ఆలోచిస్తే వాళ్ళ తప్పు లేదు, ద్రాక్షబుట్ట గారిలాగే బరువు దించుకున్నారు. కానీ ఆ కవరు రెండేళ్ళు డ్రాయర్‌లో అలాగే ఉంది, ఖర్చు పెట్టబుద్ధి కాలేదు. బాబు ఫ్రిజ్ మీద అతికించిన డైనోసార్ స్టిక్కర్ మాత్రం ఇల్లు మారేదాకా ఉంచుకున్నాను.

నేను ఎదురు చూసింది ఒక్కటే. క్షేమంగా చేరామని ఒక మెసేజ్. రాలేదు. రైలు దొరికిందో లేదో, బాబుకి జ్వరం తగ్గిందో లేదో, ఇప్పటికీ తెలియదు.

ద్రాక్షబుట్ట గారూ, మీరు తెలావీ చేరారని ఆవిడకి తెలుసా?

ద్రాక్షబుట్ట · అక్టోబర్ 16, ఉదయం 11:10

…తెలియదు. నంబర్ తీసుకోలేదు. సిగ్గుతో అసలు ఆలోచనే రాలేదు.

ఫోటోలు ఉన్నాయి. తొట్టిలో ఆవిడ మనవడు నా కాళ్ళ మీద కందిరీగల్ని తోలుతున్నది ఒకటుంది, దాంట్లో వెనకాల ఆవిడ నవ్వుతోంది. ప్రింట్ తీయించి పంపుదామంటే అడ్రసు లేదు. కానీ మ్యాప్‌లో ఇల్లు గుర్తుపట్టగలను, ఎదురుగా నీలం గేటు, మూలమీద నీళ్ళ పంపు. ఎవరైనా అటు వెళ్ళేవాళ్ళు ఉంటే చెప్పండి, వివరాలు విడిగా మెసేజ్ చేస్తాను (మోడరేటర్ గారూ, ఇక్కడ పెట్టను).

పచ్చసంచి · అక్టోబర్ 16, మధ్యాహ్నం 12:00

ఫోటో వెనక "చేరాను" అని వాళ్ళ లిపిలో రాయండి. ఫోన్‌లో చూసి గీసేయొచ్చు. వంకరగా వచ్చినా ఫర్వాలేదు, వంకరగా ఉంటేనే బాగుంటుంది.

రెండోఆలోచన · నవంబర్ 2, రాత్రి 10:25

ఆఫీసు పని మీద ఈ నెలాఖరులో ట్బిలిసి వెళ్తున్నాను. అక్కడి నుంచి తెలావీ రెండు గంటల దారే అంటున్నారు. ఫోటోలు ఇస్తే గేటు దగ్గర ఇచ్చేసి వస్తాను. లోపలికి వెళ్ళేది లేదు, ముందే చెబుతున్నా.

నిమ్మచెట్టు · నవంబర్ 2, రాత్రి 10:31

చూద్దాం 🙂

రెండోఆలోచన · డిసెంబర్ 1, సాయంత్రం 5:50

ఇచ్చాను.

గొంబోరి కనుమ మీదుగా టాక్సీలో వెళ్ళాను, పైన మంచు పడుతోంది. నీలం గేటు దొరికింది. ఆవిడే తీసింది. ఫోటో చూసి, వెనక్కి తిప్పి, ద్రాక్షబుట్ట గారు గీసిన అక్షరాలు వేలితో తడుముతూ పైకి చదివింది. ఒక అక్షరం తలకిందులుగా ఉందని మనవడు చెప్పాడు. తర్వాత నా టాక్సీ డ్రైవర్‌తో ఏదో మాట్లాడింది, అతను ఇంజన్ ఆపేసి నాకంటే ముందు లోపలికి వెళ్ళిపోయాడు. గేటు దగ్గర నేనొక్కణ్ణే ఎంతసేపు నిలబడతాను?

పది నిమిషాలనుకున్నది మర్నాడు మధ్యాహ్నం అయింది. కనుమ మూసుకుపోయిందని చెప్పారు. నిజంగా మూసుకుపోయిందో లేదో నేను కనుక్కోలేదు.

డబ్బు పెట్టలేదు. పొద్దున్నే వాళ్ళ పొయ్యికి కట్టెలు కొడతానంటే మనవడు పడీ పడీ నవ్వాడు, అయినా కొట్టాను. చేతికి రెండు బొబ్బలు. ట్బిలిసి చేరగానే కొడుకు నంబర్‌కి మెసేజ్ పెట్టాను. నంబర్ మీకూ విడిగా పంపాను, చూడండి.

ద్రాక్షబుట్ట గారూ, మీ సాక్సులు నా దగ్గర ఉన్నాయి. ఉతికి, మడిచి, ఒకదాంట్లో అక్రోట్లు నింపి ఇచ్చింది. రెండోది ఖాళీ. అది కూడా నిండుగానే ఇచ్చింది గానీ ఎయిర్‌పోర్టులో ఫ్లైట్ నాలుగు గంటలు లేటు.